నాపరాయి సుద్ద తీసుకుపోతామని వచ్చారు, పంచాయతీ సంతకం పెట్టాలా వద్దా?

కాగ్నా_ఒడ్డు
తాండూరుకూ కొడంగల్‌కూ మధ్య మా ఊరు. చుట్టూ నాపరాయి క్వారీలు, రోడ్డు పొడుగునా పాలిష్ యూనిట్లు. పనికిరాని రాయి గుట్టలు మా తాతల నాటి నుంచి పెరుగుతూనే ఉన్నాయి, వాటికి అలవాటు పడిపోయాం. అసలు బాధ సుద్దతోనే. పాలిష్ మెషీన్ల కింద నుంచి వచ్చే ఆ తెల్లటి బురదను ట్యాంకర్లలో తెచ్చి రాత్రిపూట చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) వదిలి పోతారు. ఎండాకాలం అది పెచ్చులు పెచ్చులుగా పగిలి, మేకలు నడిస్తే చాలు పొడి లేస్తుంది, గాలికి వచ్చి కంది చేల మీద కూర్చుంటుంది. చెరువు అడుగున ఆ సుద్ద పొర కట్టింది. పైన నీళ్లు నిలబడతాయి, కింద ఇంకవు. చెరువు నిండిన ఏడు కూడా పక్కనున్న బోర్లు ఎండిపోయాయి.

పోయిన వారం ఒక కంపెనీ తరఫున ఇద్దరు పంచాయతీకి వచ్చారు. సుద్ద, రాయి ముక్కలు అన్నీ తీసుకుపోయి ఇటుకలు, ఇసుక చేస్తారట. యూరప్ టెక్నాలజీ, విదేశీ భాగస్వామి, అంతర్జాతీయ సహకారం అని రంగుల పుస్తకం ఒకటి ఇచ్చారు. వాళ్లు అడిగేది చెరువుకు ఆనుకుని ఉన్న 12 ఎకరాల సర్కారు భూమికి పంచాయతీ తీర్మానం. సర్పంచ్ ఒప్పుకునేలా ఉన్నాడు, ఊళ్లో సగం మంది కూడా సరే అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. గ్రామసభ దగ్గర పడింది. ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లారీ_యాదన్న
ఇందులో టెన్షన్ ఏముంది తమ్మీ. ఇన్నేళ్లుగా ఎవడూ ముట్టుకోని సుద్దను ఒకడు తీసుకుపోతానంటే వద్దంటామా? నాకు రెండు బండ్లున్నాయి. ఆ ప్లాంటు వస్తే నాలాంటోళ్లకు కిరాయిలు దొరుకుతాయి, ఊళ్లో పిల్లలకు పని దొరుకుతుంది. సంతకం పెట్టించు.

సాగర్_గట్టు
పెట్టొద్దు. మాది పెదవూర మండలం. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామని కేంద్ర ప్రభుత్వ కంపెనీ యూసీఐఎల్ వచ్చినప్పుడు కూడా ఇట్లాగే ఉద్యోగాలు, రోడ్లు, ఆసుపత్రి అన్నారు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మేం అడిగింది ఒక్కటే, ఖనిజం తీశాక మిగిలే బురద ఎక్కడ పెడతారు, ఎన్నేళ్లు కాపలా కాస్తారు అని. పక్కనే నాగార్జునసాగర్ నీళ్లు, హైదరాబాద్ తాగే నీళ్లు. శుద్ధి ప్లాంటు మాత్రం దేవరకొండ వైపు శేరిపల్లి దగ్గర పెడతామన్నారు, అంటే బురద అక్కడి వాళ్లకు. జనం ఊరుకోలేదు, అది ఆగింది. తర్వాత నల్లమలలో మళ్లీ మొదలుపెడితే 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీయే ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. గనుల వ్యర్థం విషయంలో ఎవరి పుస్తకాలనూ నమ్మొద్దు.

ఫ్రైబర్గ్_పోరడు
సాగర్ అన్నా, మీ కోపం అర్థమవుతుంది, కానీ నాపరాయి సుద్దనూ యురేనియం టెయిలింగ్స్‌నూ, అంటే ఖనిజం తీశాక మిగిలే బురదనూ, ఒకే గాటన కట్టొద్దు. సుద్దలో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి. రేడియేషన్ లేదు, సైనైడ్ లేదు. పాలిష్‌లో వాడే పొడులు, ఆక్సాలిక్ యాసిడ్ లాంటివి ఎంత కలిశాయో చూసుకోవాలి, రాయిలోనే సిలికా కూడా ఉంటుంది. ప్రమాదం వేరే రకం, చిన్నది అనను.

మాది మహబూబ్‌నగర్, ఇప్పుడు జర్మనీలో ఫ్రైబర్గ్‌లో మైనింగ్ చదువుతున్నా. 1765లో మొదలైన గనుల విద్యాలయం ఇది. వెండి గనుల ఊరు, వందల ఏళ్ల తవ్వకంతో పెరటి మట్టిలో కూడా ఆర్సెనిక్ ఉంది, అందుకే ఇక్కడ పెరట్లో ఏ కూరగాయ వేయాలో వేయకూడదో సలహా ఇస్తారు. ఇక్కడికి దగ్గర్లోనే విస్మత్ యురేనియం గనులు ఉండేవి. తూర్పు జర్మనీ, సోవియట్ వాళ్లు కలిసి 1990 దాకా తవ్వి వదిలేశారు. రెండు జర్మనీలు కలిశాక శుభ్రం చేసే ఖర్చు మొత్తం కేంద్ర ప్రభుత్వం నెత్తిన పడింది, 1991లో మొదలుపెట్టారు, వందల కోట్ల యూరోలు పోశారు. రోనెబుర్గ్‌లో పెద్ద ఓపెన్ గుంత ఉండేది. చుట్టూ ఉన్న రాతి గుట్టలను తిరిగి ఆ గుంతలోనే నింపి, 2007లో అక్కడ జాతీయ పూల ప్రదర్శన పెట్టారు. చూస్తే గని ఉండేదని నమ్మలేం. అయినా గనుల నుంచి వచ్చే నీళ్లను ఈరోజుకీ శుద్ధి చేస్తూనే ఉన్నారు, పూలు పూశాయి కదా అని పని ఆపలేదు.

నేను చెప్పేది ఏంటంటే, యూరప్ టెక్నాలజీ తెస్తామన్నవాడిని యూరప్ షరతులు కూడా తెమ్మని అడగండి. ఇక్కడ గని వ్యర్థాల మీద 2006 నాటి ఈయూ చట్టం ఉంది. దాని కింద వ్యర్థాల యాజమాన్య ప్రణాళిక ఇవ్వాలి. ప్రమాదకరమైన వ్యర్థాల కేంద్రం అయితే మూసివేత ఖర్చు ముందే ఆర్థిక హామీగా కట్టాలి. మధ్యలో కంపెనీ చేతులెత్తేస్తే ఆ డబ్బుతో శుభ్రం చేస్తారు. మీ ఊరికొచ్చిన ఇద్దరి దగ్గర ఇలాంటి కాగితం ఏమైనా ఉందా?

కాగ్నా_ఒడ్డు
లేదు తమ్ముడూ. పుస్తకంలో తెల్ల కోటు వేసుకున్నవాళ్ల ఫొటోలు, పచ్చటి గడ్డి ఫొటోలు ఉన్నాయి. మూసివేత మాటే లేదు.

లారీ_యాదన్న
ఆ ఈయూ చట్టం ఎట్ల వచ్చింది? వాళ్లు మొదటి నుంచి మంచోళ్లేనా?

ఫ్రైబర్గ్_పోరడు
కాదు యాదన్నా, దెబ్బ తిన్నాకే. 1998లో స్పెయిన్‌లో అజ్నల్‌కోయార్ దగ్గర టెయిలింగ్ డ్యాం తెగింది. 2000 జనవరి 30న రొమేనియాలో బయా మారె దగ్గర బంగారం తీసే ప్లాంటు చెరువు తెగి, లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు నదిలో పడ్డాయి. అవి దేశం దాటి హంగేరీలో తీసా నదిలోకి పోయి, అక్కడి నుంచి డాన్యూబ్‌లో కలిశాయి. టన్నుల కొద్దీ చేపలు హంగేరీలో చచ్చాయి. తప్పు ఒక దేశంలో, నష్టం ఇంకో దేశంలో. అందుకే ఒక్క దేశం చట్టం సరిపోదని అర్థమైంది. అంత చట్టం వచ్చాక కూడా 2010 అక్టోబర్‌లో హంగేరీలోనే అల్యూమినియం ప్లాంటు ఎర్రబురద కట్ట తెగి 10 మంది చచ్చిపోయారు. చట్టం ఉంటే సరిపోదు, ఎవరో ఒకరు వెళ్లి కట్టను చూడాలి.

సాగర్_గట్టు
మన కాగ్నా నది కూడా అట్లాంటిదే. తాండూరు దాటి కర్ణాటకలో భీమాలో కలుస్తుంది, భీమా కృష్ణలో కలుస్తుంది, ఆ కృష్ణ మళ్లీ మన మక్తల్ దగ్గరికే వస్తుంది. మీరు చెరువు శిఖంలో వదిలిన సుద్ద వానాకాలం రెండు రాష్ట్రాలు తిరిగి వస్తుంది. పక్క రాష్ట్రంతో మాట్లాడి దీన్ని ఆపే ఆఫీసు ఏదో నాకైతే కనబడలేదు.

పలుగురాయి_బిడ్డ
నేను చాలా రోజులుగా ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయలేదు. ఈ విషయంలో రాయకుండా ఉండలేను.

మా నాయన మహబూబ్‌నగర్ జిల్లాలో పలుగురాయి పొడి చేసే మిల్లులో పని చేసేవాడు. కంపెనీ పేరు రాయను. రాయిని పొడిగానే గ్రైండ్ చేసేవాళ్లు, నీళ్లు చల్లేవాళ్లు కాదు. మూతికి టవల్ కట్టుకునేవాడు, అంతే. ఇంటికొస్తే రెప్పల వెంట్రుకల మీద కూడా తెల్లగా ఉండేది, మా అమ్మ ముందు ముఖం కడిగి తర్వాతే అన్నం పెట్టేది. దగ్గు మొదలయ్యాక టీబీ అన్నారు, టీబీ మందులు ఇచ్చారు, తగ్గలేదు. ఇంకో డాక్టర్ ఎక్స్‌రే చూసి ఏం పని చేస్తావని అడిగితే అప్పుడు బయటపడింది, సిలికోసిస్ అని, రాయిలోని సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే రోగం. అది తగ్గే రోగం కాదు. పనికి వచ్చినట్టు మిల్లులో రిజిస్టర్ కూడా లేదు, కాబట్టి నష్టపరిహారం కూడా లేదు.

అందుకని కాగ్నా అన్నా, నేను మిమ్మల్ని అడగమనేది ఒక్కటే. సుద్దను ఎండబెట్టి పొడిగా తెస్తారా, తడిగానే పని చేస్తారా? పొడి అయితే దుమ్ము లాగే యంత్రం ఉందా, ఎక్కడ ఉంది, ఆగితే పని కూడా ఆగుతుందా? ఫ్రైబర్గ్ తమ్ముడు అన్నట్టు మీ రాయిలో సిలికా ఉంటే ఇది చిన్న ప్రశ్న కాదు. ఇటుక ఎంతకు అమ్ముతారన్నది తర్వాత.

లారీ_యాదన్న
చెల్లమ్మా, ఆ సంగతి నాకు తట్టలేదు. కంకర లోడు ఎత్తేటప్పుడు మా క్లీనర్ పిల్లగాడు దగ్గుతూనే ఉంటాడు. రేపటి నుంచి లోడు మీద నీళ్లు కొట్టకుండా బండి కదలనివ్వను.

ఫ్రైబర్గ్_పోరడు
అక్కా, మీరు రాసినందుకు థాంక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 1995లోనే సిలికోసిస్‌ను 2030 కల్లా లేకుండా చేయాలని కార్యక్రమం పెట్టాయి. తడి పని, దుమ్ము లాగడం, ఏటా ఎక్స్‌రే, అంతే. పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. ప్రపంచమంతా తెలిసిన ఉపాయమే మహబూబ్‌నగర్ మిల్లుదాకా రాలేదు.

సిమెంట్_కొలిమి
హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇటుకలు, ఇసుక సంగతి పక్కన పెట్టండి. సుద్దకు అసలు గిరాకీ సిమెంట్‌లో ఉంది, కానీ ఎందుకు పోవడం లేదో అర్థం చేసుకోవాలి.

ఫ్యాక్టరీకి సొంత సున్నపురాయి గని ఉంటుంది. అక్కడి రాయి కొలిమి పక్కనే దొరుకుతుంది. మీ సుద్ద దానికంటే చవకగా గేటు దాకా వస్తేనే తీసుకుంటారు. సుద్దలో నీళ్లే సగం ఉంటే ఆ నీళ్లను మోసిన కిరాయి, ఎండబెట్టే బొగ్గు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అందుకే యూనిట్ల దగ్గరే ఫిల్టర్ ప్రెస్ పెట్టి నీళ్లు పిండాలి. పిండిన నీళ్లు మళ్లీ పాలిష్‌కే వాడొచ్చు, మిగిలేది గట్టి ముద్ద. ఆ ముద్దను యాదన్న లాంటివాళ్లు ఎత్తుకుపోవచ్చు. ఒక్కో యూనిట్‌కు ఒక మెషీన్ భారమే, పది యూనిట్లు కలిసి ఒకటి పెట్టుకుంటే కుదురుతుంది. మీ దగ్గర్లో కరన్‌కోట్‌లోనే సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, దూరం సమస్య కాదు.

ఇంకో మంచి సంగతి. ఎల్‌సీ3 అని ఒక సిమెంట్ ఉంది. సగం క్లింకర్ (కొలిమిలో కాల్చి తీసిన సిమెంట్ గడ్డలు), 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. దీంట్లో వాడే సున్నపురాయి పెద్ద నాణ్యత ఉండాల్సిన పని లేదు, కొలిమికి పనికిరానిది కూడా పనికొస్తుంది. ఇది ఒక్క దేశంలో పుట్టింది కాదు. స్విట్జర్లాండ్ ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయంలో కేరెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలో శాంతా క్లారా ఊళ్లో ఉన్న విశ్వవిద్యాలయం, మన ఢిల్లీ, బొంబాయి, మద్రాసు ఐఐటీలు కలిసి చేశాయి, డబ్బు స్విస్ ప్రభుత్వ సహాయ సంస్థ పెట్టింది. 2023లో మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దానికి ప్రమాణం కూడా ఇచ్చింది, ఐఎస్ 18189. అంటే ఎవరైనా తీసుకుని చేసుకోవచ్చు. అంతర్జాతీయ సహకారం అంటే నా దృష్టిలో ఇది. రంగుల పుస్తకం చేతిలో పెట్టి 12 ఎకరాలు అడగడం కాదు.

కాగ్నా_ఒడ్డు
సార్, ఇది మాకు అస్సలు తెలియదు. మా సుద్ద దానికి పనికొస్తుందా?

సిమెంట్_కొలిమి
చూడకుండా చెప్పను. సున్నం శాతం, సిలికా, మెగ్నీషియా, తేమ, క్షారాలు. ఈ ఐదూ తెలిస్తే చెబుతాను. కంపెనీ వాళ్లు పరీక్ష చేయించారా?

కాగ్నా_ఒడ్డు
ఒక్క చెంచా సుద్ద కూడా తీసుకుపోలేదు.

సిమెంట్_కొలిమి
పరీక్ష చేయకుండా ప్లాంటు పెడతామంటే వాళ్లకు సుద్ద కాదు, భూమి కావాలి.

లారీ_యాదన్న
సారు ఒక్క మాటతో తేల్చేశారు. నేను పైన సంతకం పెట్టించు అన్నాను చూడండి, అది ఇప్పుడు ఆపండి. ముందు పరీక్ష.

కిట్వే_దారి
జాంబియా నుంచి రాస్తున్నా. మాది దేవరకొండ. ఇక్కడ రాగి గనుల్లో మెకానికల్ పనిలో ఉన్నా. 2025 ఫిబ్రవరి 18న మాకు దగ్గర్లో చైనా వాళ్ల రాగి ప్లాంటు టెయిలింగ్ డ్యాం తెగి యాసిడ్ నీళ్లు కఫూయే నదిలోకి పోయాయి. కిట్వే ఊరికి నీళ్లు ఆపేశారు. లక్షల మంది ఉన్న ఊరు, కుళాయి తిప్పితే గాలి వచ్చింది. వాగులో చేపలు వెల్లకిలా తేలాయి. మొక్కజొన్న చేను అంచుల్లో ఆకులు మాడిపోయాయి, ఆ రైతును నేను ఎరుగుదును.

అదే రాగి ప్రాంతంలో చింగోలాలో పాత టెయిలింగ్స్ నుంచి రాగి తీసే ప్లాంటు 1970ల నుంచే నడుస్తోంది. పాతరోజుల్లో కొంత రాగి బురదలోనే పోయేది, ఇప్పుడు దాన్నే మళ్లీ కరిగించి తీస్తున్నారు. కాబట్టి వ్యర్థం నుంచి సొమ్ము వస్తుందనేది అబద్ధం కాదు. కాకపోతే రెండోసారి తీశాక కూడా బురద మిగులుతుంది. మొదటి బురద కంటే మెత్తగా, యాసిడ్ కలిసి. దానికీ ఒక చెరువు కావాలి. మీ కంపెనీని ఇది తప్పక అడగండి, ఇటుకలు, ఇసుక చేశాక మిగిలేది ఎంత, అది ఎక్కడ పడేస్తారు?

మర్రిగూడ_నీళ్లు
కిట్వే అన్న చెప్పింది మా నల్గొండ వాళ్లకు బాగా తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లను శుభ్రం చేయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతి ఉంది కదా, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారు చేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. అది కెన్యా, టాంజానియా దాకా పోయింది. మన జిల్లా పేరు ఆఫ్రికాలో నీళ్ల ఇంజనీర్లకు తెలుసు. గొప్పగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతిలో బకెట్ అడుగున రోజూ బురద మిగులుతుంది, అందులో తీసేసిన ఫ్లోరైడ్, అల్యూమినియం అంతా ఉంటుంది. దాన్ని ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేదు, జనం ఇంటి వెనక పోసేవాళ్లు. ఇక్కడ కాళ్లు వంకర పోయినవాళ్ల మధ్య పెరిగాను నేను. మిగిలింది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు జవాబు రానిదే ముందుకు పోవద్దు.

ఎండ_దెబ్బ
రాజస్థాన్ కిషన్‌గఢ్ చూశారా? అక్కడ పాలరాయి సుద్ద అంతా ఒకే చోట పోసి పోసి మంచు కొండల్లా చేశారు. ఇప్పుడు అక్కడ పెళ్లి ఫొటోలు తీయించుకుంటున్నారు. కాగ్నా అన్నా, మీ చెరువును కూడా అట్లా చేసి టికెట్ పెట్టండి, పంచాయతీకి ఆదాయం :)

పలుగురాయి_బిడ్డ
ఆ ఫొటోలు నేనూ చూశాను. చిన్న పిల్లలు ఆ పొడిలో జారుతున్నారు. చూస్తుంటే నాకు ఊపిరి ఆడలేదు.

ఎండ_దెబ్బ
నిజమే అక్కా, అలా ఆలోచించలేదు. ఒకటి మాత్రం ఉంది, అక్కడ మార్బుల్ వ్యాపారుల సంఘం ఒక స్థలం చూసి అందరూ అక్కడే పోయాలని కట్టడి చేసింది. మన దగ్గర ఆ మాత్రం కూడా లేదు, ఎవరికి ఏ చెరువు దగ్గరైతే అక్కడ.

సాగర్_గట్టు
ఇన్ని దేశాల కథలు విన్నాక కూడా నాది అదే మాట. పెద్ద కంపెనీ, పెద్ద సర్టిఫికెట్ అన్నీ ఉన్న చోట కూడా తెగాయి. బ్రెజిల్ ఏమైంది?

ఫ్రైబర్గ్_పోరడు
బ్రెజిల్ గురించి చెప్పాల్సిందే, ఇప్పుడున్న అంతర్జాతీయ ప్రమాణం అక్కడి చావుల మీద పుట్టింది. 2015 నవంబర్ 5న మరియానా దగ్గర ఫుందావ్ డ్యాం తెగి 19 మంది చనిపోయారు, ఇనుప బురద డోసె నది పొడుగునా సముద్రం దాకా పోయింది. గట్టి చర్యలు రాలేదు. 2019 జనవరి 25న బ్రుమజిన్యోలో ఇంకోటి తెగింది. మధ్యాహ్నం, గని క్యాంటీన్ డ్యాం కిందనే ఉంది. 270 మంది. ఆ డ్యాం భద్రంగా ఉందని కొన్ని నెలల ముందే ఒక జర్మనీ తనిఖీ సంస్థ శాఖ సర్టిఫికెట్ ఇచ్చింది. కాబట్టి సాగర్ అన్న అనుమానం సరైనదే.

తర్వాత కదిలించింది ఎవరో తెలుసా? ఇంగ్లండ్ చర్చి పెన్షన్ ఫండు, స్వీడన్ పెన్షన్ ఫండ్లు. మా డబ్బు మీ కంపెనీల్లో ఉంది, మీ టెయిలింగ్ డ్యాములు ఎన్ని, ఎక్కడ, ఎంత ఎత్తు, ఎప్పుడు తనిఖీ అయ్యాయో బయట పెట్టండి అని 700కి పైగా గని కంపెనీలకు ఉత్తరాలు రాశారు. వచ్చిన జవాబులతో 2020 జనవరిలో అందరూ చూసేలా వెబ్‌సైట్ పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, పెట్టుబడిదారుల సంఘం, గని కంపెనీల మండలి ఐసీఎంఎం కలిసి టెయిలింగ్స్ మీద ప్రపంచ ప్రమాణం తెచ్చాయి. కంపెనీతో సంబంధం లేని ఇంజనీర్ల తనిఖీ, కింద ఉన్న ఊళ్లతో ముందే సంప్రదింపు, వివరాలు బహిరంగం. చట్టం కాదు, ఇష్టపడి ఒప్పుకోవాల్సిందే, అది దాని బలహీనత. కానీ ఊరివాళ్లు అడగడానికి ఒక పట్టు దొరికింది.

సాగర్_గట్టు
పెన్షన్ ఫండు రాస్తే జవాబు ఇచ్చారు. ఊరు రాస్తే ఇస్తారా?

ఫ్రైబర్గ్_పోరడు
ఊరొక్కటే రాస్తే ఇవ్వకపోవచ్చు. అందుకే ఆ వివరాలు బహిరంగంగా ఉండాలని పట్టుబట్టడం. ఇంకో సంగతి, మీ యురేనియం భయానికి దగ్గరిది. కిర్గిజ్‌స్తాన్‌లో మైలూ సూ అనే ఊళ్లో సోవియట్ కాలం నాటి యురేనియం టెయిలింగ్స్ గుట్టలు నది ఒడ్డున, కొండచరియలు జారే చోట ఉన్నాయి. తవ్విన దేశమే ఇప్పుడు లేదు, ఎవరిని అడుగుతారు? 2015లో యూరోపియన్ బ్యాంకు ఈబీఆర్‌డీ ఆధ్వర్యంలో ఒక నిధి పెట్టారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రణాళిక రాసింది, విస్మత్ అనుభవం అక్కడికి పోయింది. మిన్ కుష్, షెకాఫ్తార్ అనే చోట్ల పని పూర్తి చేశారు. ఒక పేద దేశం ఒంటరిగా ఎప్పటికీ చేయలేని పని అది.

సాగర్_గట్టు
అది మంచి పనే. మనోళ్లు కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర టెయిలింగ్ పాండ్ పక్క ఊళ్ల బోర్ల గురించి అట్లా ఎవరినైనా పిలిచి చూపిస్తే నేను కూడా మాట మార్చుకుంటా.

మోడరేటర్
తుమ్మలపల్లె మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ కాగ్నా_ఒడ్డు గ్రామసభ విషయం మీదే ఉండండి. వ్యక్తిగత దూషణలున్న రెండు పోస్టులు తీసేశాను.

ఎండ_దెబ్బ
ఒక్క డౌటు. అసలు ఇప్పుడే ఇంతమంది వ్యర్థాల వెంట ఎందుకు పడుతున్నారు?

ఫ్రైబర్గ్_పోరడు
బ్యాటరీలు, విండ్ మిల్లులు, రక్షణ పరికరాలు. లిథియం, కోబాల్ట్, అరుదైన మూలకాలు కావాలి, కొత్త గని తెరవడానికి ఏళ్లు పడుతుంది, పాత కుప్పలు ఇప్పటికే బయట ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో మోదీ, ట్రంప్ ప్రకటనలో అల్యూమినియం, బొగ్గు, చమురు పరిశ్రమల వ్యర్థాల నుంచి కీలక ఖనిజాలు తీసే ఉమ్మడి కార్యక్రమం ఉంది. అదే ఏడాది జనవరిలో కేంద్రం ఆమోదించిన కీలక ఖనిజాల మిషన్‌లో గని మట్టి, టెయిలింగ్స్, బూడిద, ఎర్రబురద నుంచి ఖనిజాలు తీసే పైలట్ ప్రాజెక్టులకు 100 కోట్లు పెట్టారు. కోలార్‌లో మూసేసిన బంగారు గనుల దగ్గర కోట్ల టన్నుల సైనైడ్ మట్టి దిబ్బల్లో మిగిలిన బంగారం తీయాలని చూస్తున్నారు.

పలుగురాయి_బిడ్డ అక్కకు ఒక మాట, 2025 ఫిబ్రవరి 20న పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, ముగ్గురాయిని చిన్న ఖనిజాల జాబితా నుంచి తీసి పెద్ద ఖనిజాల్లో పెట్టారు, ఆ రాళ్లతో పాటు కీలక ఖనిజాలు దొరుకుతాయని. ఇక వాటి మీద కేంద్రం గనుల నియమాలు, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ లెక్కలు వర్తిస్తాయి. మన జిల్లా పలుగురాయి గనులన్నీ ఇందులోకి వస్తాయి. కార్మికుల ఊపిరితిత్తుల పరీక్ష కూడా గట్టిగా అడగడానికి ఇదే సమయం.

పలుగురాయి_బిడ్డ
ఇది నాకు తెలియదు తమ్ముడూ. మా ఊళ్లో ఇంకా నలుగురున్నారు మా నాయన లాంటివాళ్లు. వాళ్ల పిల్లలకు చెబుతాను.

పంచాయతీ_ఫైలు
మండల ఆఫీసులో చేసి రిటైరయ్యాను. కాగ్నా బాబూ, చెరువుకు ఆనుకున్న సర్కారు భూమి అన్నావు. ముందు ఆ సర్వే నంబర్ పహాణీలో ఏమని ఉందో చూడు. శిఖం అయితే ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు, పంచాయతీ తీర్మానం చేసినా చెల్లదు. ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఎఫ్‌టీఎల్ మ్యాపు అడుగు, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాపు అది.

రెండోది, డబ్బు. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది, డీఎంఎఫ్. లీజుదార్లు రాయల్టీతో పాటు కట్టేది అది, గని ప్రభావం పడ్డ ఊళ్ల కోసమే. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం మొదటి వరసలో ఉంటాయి. పది యూనిట్లు కలిసి ఫిల్టర్ ప్రెస్ అని సిమెంట్ సారు అన్నారు కదా, అది వ్యాపారుల బాధ్యత, వాళ్లే పెట్టుకోవాలి. కానీ చెరువు అడుగున పేరుకున్న పాత సుద్ద పొర తీయడానికి డీఎంఎఫ్‌లో అడగొచ్చు. కలెక్టర్‌కు గ్రామసభ తీర్మానంతో అర్జీ పెట్టండి. బయట కంపెనీకి భూమి ఇచ్చే తీర్మానం కంటే ముందు ఈ తీర్మానం చేయండి.

లారీ_యాదన్న
ఈ సారు ముందే వచ్చి ఉంటే సగం పోస్టులు తగ్గేవి.

మర్రిగూడ_నీళ్లు
తగ్గితే మనకు క్యూబా సిమెంట్ సంగతి తెలిసేది కాదన్నా.

కాగ్నా_ఒడ్డు
గ్రామసభ అయ్యింది. మీరు చెప్పినవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసుకుని పోయాను. సుద్ద పరీక్ష ఎక్కడ, తడి పనా పొడి పనా, మిగిలేది ఎక్కడ వేస్తారు, మూసేటప్పుడు ఖర్చు ఎవరిది, విదేశీ భాగస్వామి ఏ దేశం, అక్కడ ఇట్లాంటి ప్లాంటు నడుస్తుంటే దాని కాగితాలు చూపించండి. కంపెనీ వాళ్లు తడి పనే అన్నారు, కాగితం మీద రాసిమ్మంటే తర్వాత ఇస్తామన్నారు. భాగస్వామి ఇంకా ఖరారు కాలేదట. సర్వే నంబర్ మాత్రం శిఖమే. ఆ మాట వీఆర్వోగా చేసిన ముసలాయన నిలబడి చెప్పాడు. సర్పంచ్ కూడా ఒప్పుకున్నాడు. భూమి తీర్మానం వాయిదా పడింది. డీఎంఎఫ్ అర్జీ తీర్మానం మాత్రం పాసైంది. ఆడవాళ్లే ఎక్కువ చేతులెత్తారు, బోర్ల బాధ వాళ్లదే కదా.

కొందరు పాలిష్ యూనిట్ల ఓనర్లు కోపంగా ఉన్నారు. ఇద్దరు మాత్రం ఫిల్టర్ ప్రెస్ ధర కనుక్కుంటామన్నారు.

సాగర్_గట్టు
శభాష్ తమ్మీ. రాసిచ్చేదాకా వదలొద్దు.

కాగ్నా_ఒడ్డు
సిమెంట్ సార్, సుద్ద శాంపిల్ ఎట్లా తీయాలి? ఒక చోట నుంచి తీస్తే సరిపోతుందా?

సిమెంట్_కొలిమి
సరిపోదు. వేరువేరు యూనిట్ల సుద్ద, చెరువులో పాతది, కొత్తది విడివిడిగా తీయాలి. ఒక్కో చోట పైన, మధ్యన, అడుగున మూడు లోతుల్లో సమానంగా తీసి పరదా మీద పోసి బాగా కలపండి. కుప్ప చేసి పైన అణచి నాలుగు భాగాలు చేయండి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతావి తీసేయండి. మళ్లీ కలిపి మళ్లీ అట్లాగే చేయండి, కిలో మిగిలేదాకా. తేమ చూడాల్సిన శాంపిల్ మాత్రం తీసిన వెంటనే గాలి పోకుండా డబ్బాలో మూసేయండి, ఎండనివ్వొద్దు. డబ్బా మీద చోటు, తేదీ, లోతు రాయండి. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రసాయన విశ్లేషణతో పాటు నీళ్లలో నానబెట్టి ఏం కారుతుందో చూసే లీచింగ్ టెస్టు కూడా అడగండి. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి, ఎల్‌సీ3కి పనికొస్తుందో లేదో చూసి చెబుతాను.

పలుగురాయి_బిడ్డ
శాంపిల్ తీసేటప్పుడు మూతికి మామూలు గుడ్డ కాదు, ఎన్95 కట్టుకోండి అన్నా. కలిపే చోట పిల్లల్ని రానివ్వకండి.

లారీ_యాదన్న
ఆదివారం నేను ఖాళీ. డబ్బాలు, పార, పరదా నా బండిలో తెస్తా. ఎన్ని చోట్ల తీయాలో చెప్పు తమ్మీ.